పన్నెండు అడుగుల కాపురం

సన్యాసిరావుకి పెళ్లయి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో అతనూ పెళ్లాం ఒకే కప్పు కింద ఉన్నది అన్నీ కలిపి పద్నాలుగు నెలలు. పేరు మహిమని బంధువులు నవ్వేవాళ్లు గానీ, అసలు కారణం హైదరాబాదులో ఇంటద్దెలు. మూసాపేటలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. నెలకి ఇరవై నాలుగు వేలు జీతం. నలుగురు ఉండే గదిలో కిటికీ పక్క మంచం అతని వాటా. పెళ్లాం పైడితల్లి, ఆరేళ్ల కూతురు ఝాన్సీ బొబ్బిలిలో ఉండేవారు. ఝాన్సీ లెక్కలో నాన్నంటే ఫోనులో కాపురముండే ఒక మనిషి. ఒకరోజు మాట మధ్యలో ఫోను ఛార్జింగు అయిపోతే, "అమ్మా, నాన్న ఆరిపోయాడు!" అని వీధంతా వినబడేలా ఏడ్చింది. ఇరుగుపొరుగువాళ్లు నలుగురు పరామర్శకి కూడా వచ్చేశారు.

ఆ సంగతి చెప్పి పైడితల్లి ఫోనులో పకపకా నవ్వింది. నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఊరుకుంది. ఆ ఊరుకోవడం సన్యాసిరావు భరించలేకపోయాడు. మర్నాటి ఆదివారం నుంచీ ఇంటి వేటలో పడ్డాడు.

మొదటి ఇంటాయన ఏం తింటారని అడిగాడు, ఎప్పుడు తింటారని అడిగాడు, ఆఖరికి రోజుకి ఎన్నిసార్లు ఫ్లష్ నొక్కుతారో రాసిమ్మన్నాడు. రెండో ఇల్లు సింగిల్ బెడ్‌రూమ్ అన్నారు. వెళ్లి చూస్తే మంచం ముందు వేసి, గోడలు తరవాత కట్టినట్టుంది. తలుపు తీయాలంటే మంచం మీద ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకోవాలి. మూడోది మాత్రం బంగారంలాంటి ఇల్లు. గాలీ వెలుతురూ, మంజీరా నీళ్లూ, అద్దె కూడా ఒళ్లో పెట్టుకునేంత. బ్రోకరు చేతిలో అడ్వాన్సు పెట్టబోతుంటే లోపలినుంచి ఒకావిడ వచ్చి, "ఎవరు మీరు? మా ఇంట్లో ఏం చేస్తున్నారు?" అంది. బ్రోకరు ఏమాత్రం తడబడలేదు. "మీది ఇంకా కట్టలేదు సార్. ఇలా ఉంటుందని చూపిస్తున్నాను" అన్నాడు.

అలాంటి రోజుల్లో ఫ్లైఓవరు పక్కన పెద్ద బోర్డు కనిపించింది. 'మహానగర అందుబాటు అద్దె గృహ సాధికార సంస్థ. మా ప్రతిజ్ఞ: ఏ పౌరుడూ తన ఆదాయంలో మూడోవంతుకు మించి అద్దె చెల్లించరాదు.' ఆ అక్షరాలు చూసి సన్యాసిరావుకి కళ్లు చెమర్చాయి. తన గురించి ఒక ప్రభుత్వ సంస్థ ఇంతగా ఆలోచించిందని అతనికి అంతవరకూ తెలీదు.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి సంస్థ కార్యాలయానికి వెళ్లాడు. 'సహాయ రేఖాధికారి' అని రాసున్న బల్ల దగ్గరికి పంపారు. బల్ల వెనక ఉన్నతను చొక్కాలో దండెం ఆరేసినట్టున్నాడు. పేరు పర్వతాలు. బల్ల మీద కొలత టేపు, సుద్దముక్క, పసుపురంగు డబ్బా ఉన్నాయి.

పర్వతాలు జీతం చీటీ చూసి కాలిక్యులేటరు నొక్కాడు. "సదరు అర్జీదారుడి ఆదాయంలో మూడోవంతు ఎనిమిది వేలు. సంస్థవారి ఫ్లాటు అద్దె పద్దెనిమిది వేలు."

"అయితే నాకు పది వేలు తగ్గిస్తారేటండి?" అన్నాడు సన్యాసిరావు ఆశగా.

పర్వతాలు చెవులు మూసుకోవలసిన మాటేదో విన్నట్టు చూశాడు.

"అద్దె తగ్గించడం సంస్థ పరిధిలోకి రాదు. ఇల్లు తగ్గించడం వస్తుంది."

"అంటే?"

"మీ అర్హత ఫ్లాటులో తొమ్మిదింట నాలుగు వంతులు. అంతమేరకు మంజూరు చేస్తున్నాం. ఇంకా ఎక్కువ ఇంట్లో ఉంటే మీకు ఆర్థికంగా హాని. ఆ హానిని సంస్థ చూస్తూ ఊరుకోదు."

ఆ వారమే రేఖాంకన మహోత్సవం జరిగింది. ఊరి చివర సంస్థవారి సముదాయంలో నాలుగంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. సన్యాసిరావుది మూడో అంతస్తులో 303. ముందు గుమ్మం నుంచి వెనక గోడ దాకా ఇరవై ఏడు అడుగుల పొడవు. పర్వతాలు టేపు పట్టుకుని పన్నెండో అడుగు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఈ గోడ నుంచి ఆ గోడకి పసుపురంగు గీత గీశాడు. గీత హాలు దాటి, వంటింట్లోకి వెళ్లి, గట్టు ఎక్కి దిగింది. పొయ్యి ఈ పక్క పడింది, సింకూ కుళాయీ ఆ పక్క పడ్డాయి. గుమ్మం ఈ పక్క, స్నానాలగది ఆ పక్క. ఫ్యాను సరిగ్గా గీత నెత్తిన ఉంది. తిరుగుతూ ఉంటే రెక్కలు క్షణక్షణం సరిహద్దు దాటుతాయి. ఆపేస్తే ఏ రెక్క ఎవరిదో తేలదు. పర్వతాలు చాలాసేపు తలెత్తి చూసి, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు ఒకటో నంబరు మీద నెమ్మదిగా తిప్పుకోవచ్చని రాశాడు.

"మరి ఆ పక్కనున్న పదిహేను అడుగులూ?" అని అడిగాడు సన్యాసిరావు.

"ప్రస్తుతం ఖాళీ. మీది కాదు. చూడవచ్చు."

"చూడొచ్చా?"

"చూపుకి అద్దె లేదు. ప్రతిపాదన మాత్రం ఉంది."

ఏమైతేనేం, ఇల్లు ఇల్లే. సన్యాసిరావు ఆ సాయంత్రమే బొబ్బిలికి ఫోను చేశాడు. నాలుగోరోజుకి పైడితల్లి ట్రంకుపెట్టె, బియ్యం మూట, కూతురితో సహా దిగింది. ఝాన్సీ నాన్నని పైనుంచి కిందిదాకా చూసి, "కాళ్లు కూడా ఉన్నాయా!" అంది. ఫోనులో ఎప్పుడూ కనబడలేదు మరి. సన్యాసిరావు ఆ పిల్లని ఎత్తుకుని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాడు.

పైడితల్లి ఇంట్లో అడుగుపెట్టి చుట్టూ చూసింది. "బాగుంది మావా. ఈ పసుపు గీతేటి? పూజేటైనా చేశారా?"

"మనది ఆ గీత వరకే."

"అవతల దెయ్యమేటైనా ఉందేటి?"

"అద్దె ఉంది" అన్నాడు సన్యాసిరావు.

భార్యాబిడ్డలు వచ్చినట్టు సంస్థకి తెలియజేయాలి. పర్వతాలు ఫారం తెచ్చాడు. అందులో ఆదాయం లేని మనుషులకి గడి లేదు. ఆదాయం లేనివారి అర్హత సున్నా అడుగులు కాబట్టి వాళ్లు ఉండరని ఫారం తయారుచేసినవాళ్ల ఊహ. చివరికి 'కదిలే సామాను' అన్న గడి దొరికింది. పర్వతాలు అందులో గుండ్రటి అక్షరాలతో రాసుకుపోయాడు. బీరువా ఒకటి, మంచం ఒకటి, భార్య ఒకటి, కుమార్తె, చిన్న సైజు, ఒకటి.

పైడితల్లి కాగితం తీసుకుని చదివింది. ఆవిడ పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన మనిషి. "బీరువా ముందూ, నేను తరవాతానా?" అని అడిగింది.

"బరువును బట్టి వరస" అన్నాడు పర్వతాలు గంభీరంగా. వెళ్తూ వెళ్తూ రెండువందల పన్నెండు పేజీల నిబంధనావళి ఒకటి చేతిలో పెట్టాడు.

తొమ్మిది రోజులు వాళ్లు వాచ్‌మన్ గది పక్కనున్న మరుగుదొడ్డికి మూడంతస్తులు దిగి, ఎక్కారు. పదోరోజు పొద్దున్న గుమ్మంలో నాలుగు పెద్ద గిన్నెలు, రెండు బానలు, వాటి వెనక ఒక యాభై ఏళ్ల ఆవిడ కనబడ్డారు. పేరు మస్తానమ్మ, ఊరు నరసరావుపేట. సందు మొగలో కర్రీపాయింటు నడుపుతుంది. ఆవిడ ఆదాయానికి సరిగ్గా ఆ పక్కనున్న పదిహేను అడుగులూ వచ్చాయి. అయితే ఆవిడ వాటాకి గుమ్మం లేదు. అందుకని సంస్థ ఆవిడకి 'మార్గహక్కు' ఇచ్చింది. సన్యాసిరావు వాటాలోంచి నడిచి వెళ్లవచ్చు, నిలబడకూడదు.

మస్తానమ్మ నడుస్తూనే మొదలుపెట్టింది. "ఏమ్మాయ్, నా పేరు మస్తానమ్మ." గీత దాకా వెళ్లి, బాన దించి, వెనక్కి తిరిగింది. "నువ్వేనా ఈ అబ్బాయి పెళ్లానివి?" గుమ్మం దాటి ఇంకో గిన్నె తెచ్చింది. "పిల్ల బాగుందే, ఏం పేరు?" ఆవిడ పరిచయం పూర్తయ్యేసరికి సామానంతా లోపలికి చేరిపోయింది. ఇంకా చెప్పాల్సింది మిగిలిపోతే ఒట్టి చేతులతో ఇంకో రెండు చుట్లు తిరిగింది.

మధ్యాహ్నానికి సంగతి తేలింది. ఆవిడకి నీళ్లున్నాయి, పొయ్యి లేదు. వీళ్లకి పొయ్యి ఉంది, నీళ్లు లేవు. "ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ?" అంది మస్తానమ్మ గీత అవతల నిలబడి. "నా బిందె అటు, నా గిన్నె మీ పొయ్యి మీదకి. స్నానాలకి మీరిటు రండి. గీతకి కళ్లున్నాయా ఏంది?"

గీతకి లేవు గానీ పర్వతాలుకి ఉన్నాయి. మర్నాడు తనిఖీకి వచ్చి పొయ్యి దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఏమిటి?"

"గోంగూర" అంది పైడితల్లి.

"ఎవరి గోంగూర?"

"మస్తానమ్మ అప్పది."

"ఎవరి మంట?"

"మాదే."

"సరిహద్దు వాణిజ్యం" అని రాసుకున్నాడు పర్వతాలు. "పదకొండో నంబరు ఫారం లేకుండా ఒకరి గోంగూర మరొకరి మంట మీద ఉడకరాదు. సంజాయిషీ దాఖలు చేయండి."

"చేస్తాంలే నాయనా, ముందు రెండు ముద్దలు తిను" అని మస్తానమ్మ గీత మీదుగా కంచం అందించింది. పర్వతాలు తనది ఉద్యోగధర్మమని, తనిఖీలో తినడం నిషేధమని, నమూనా పరీక్ష మాత్రం చేయవచ్చని చెప్పి కూర్చున్నాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకుని పరీక్షించాడు. ఆ మనిషి తింటున్న తీరు చూసి పైడితల్లి నాలుగో ముద్దకి నెయ్యి వేసింది.

ఆ నెలలో పద్నాలుగు నోటీసులు వచ్చాయి. ఝాన్సీ బంతి గీత దాటి దొర్లితే దాన్ని స్వాధీనం చేసుకుని, యాజమాన్య పత్రం చూపించాక తిరిగి ఇచ్చారు. పోపు ఘాటు అవతలికి వెళ్లిందని ఒకటి, మస్తానమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకోవడానికి నిలబడిందని ఒకటి. సన్యాసిరావు దుకాణం నుంచి వచ్చి రోజూ ఒక సంజాయిషీ రాసేవాడు. అయినా అతని మొహం వెలిగిపోతూ ఉండేది. సంజాయిషీ రాస్తున్నంతసేపూ కూతురు వీపు మీద ఎక్కి కూర్చుని ఉండేది మరి.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. ఊరంతా ఒక్కసారిగా భక్తిలో పడింది. కర్రీపాయింటులో కోడికూరా చేపలపులుసూ అడిగే నాథుడు లేడు. మస్తానమ్మ ఆదాయం తగ్గింది. ఆదాయం తగ్గితే అర్హత తగ్గుతుంది. పర్వతాలు వచ్చి, ఆవిడ గీతని రెండున్నర అడుగులు వెనక్కి జరిపాడు. ఇప్పుడు ఇంట్లో రెండు గీతలయ్యాయి. మధ్యలో రెండున్నర అడుగుల వెడల్పున గోడ నుంచి గోడ దాకా ఒక పట్టీ మిగిలింది. అది ఎవరిదీ కాదు.

"మరి నేను నా వాటాలోకి ఎట్టా పోవాల?" అంది మస్తానమ్మ.

"మార్గహక్కు ఇవ్వాలంటే ఆ భాగానికి ఒక అద్దెదారు ఉండాలి. లేరు. కాబట్టి ఇచ్చేవారు లేరు. ఇచ్చేవారు లేరు కాబట్టి మీరు అడుగుపెట్టరాదు" అన్నాడు పర్వతాలు. చెబుతుంటే అతనికే మొహం అదోలా అయిపోయింది. నిబంధనావళి తిరగేసి, తిరగేసి, గొంతు తగ్గించి అన్నాడు. "అయితే గాలికి అద్దె లేదు."

మస్తానమ్మకి వెంటనే అర్థమైంది. చీర కుచ్చిళ్లు దోపి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి ఒక్క దూకు దూకింది. అవతల పడగానే కింది ఫ్లాటువాళ్లు భూకంపమని బయటికి పరిగెత్తారు. ఆ రోజునుంచీ ఇంట్లో అందరూ దూకడమే. పైడితల్లి బిందెతో దూకేది. సన్యాసిరావు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి దూకేవాడు. ఝాన్సీకి ఇంతకంటే మంచి ఇల్లు ప్రపంచంలో ఎక్కడా ఉండదని నమ్మకం కుదిరింది. మస్తానమ్మ పులుసు గిన్నెతో గాలిలో ఉన్నప్పుడు రెండు చుక్కలు పట్టీ మీద పడితే, పర్వతాలు వాటిని కొలిచి 'తాత్కాలిక ఆక్రమణ' అని రాసి, తుడవడానికి వీల్లేదు కాబట్టి ఆరేదాకా ఎదురుచూశాడు.

సంస్థ ఊరుకోలేదు. ఆ పట్టీకి అర్జీలు పిలిచింది. మూడువందల నలభై మంది పెట్టుకున్నారు. అందులో ఒకతని ఆదాయం సరిగ్గా రెండున్నర అడుగులకి సరిపోయింది. మంజూరైన రోజు అతను చాప చుట్ట ఒక చంకలో, ప్లాస్టిక్ సంచీ ఒక చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"తనిఖీయా బాబూ?" అంది మస్తానమ్మ అవతలనుంచి.

"కాదక్కా" అన్నాడు పర్వతాలు. మొట్టమొదటిసారి అతని నోట్లోంచి ఆఫీసు భాష పోయి, సొంత ఊరి మాట వచ్చింది. "ఉండనీకి వచ్చిన. జర జాగ ఇయ్యిండ్రి."

అప్పుడు బయటపడింది. పర్వతాలు పర్మినెంటు ఉద్యోగి కాడు, కాంట్రాక్టు మీద తీసుకున్నవాడు. ఏడాదిలో జీతం వచ్చింది నాలుగు నెలలే. దాన్ని పన్నెండు నెలలకి పంచి, మూడో వంతు తీసి, ఈ నగరంలో తన అర్హత ఎంతో తనే లెక్కగట్టుకుని తనే సంతకం పెట్టుకున్నాడు. అంతవరకూ ఆఫీసులో ఫైళ్ల అలమర వెనక పడుకునేవాడట. పోయిన నెల ఆ అలమరని కూడా ఎవరికో కేటాయించారు.

"పెళ్లయిందా నాయనా?" అని అడిగింది మస్తానమ్మ.

"పిల్ల తరఫోళ్లు అడిగిండ్రక్కా. ఇల్లెంత అన్నరు. రెండున్నర అన్న. రెండున్నర వందల గజాలనుకుని మస్తు సంబరపడ్డరు. అడుగులే అంటే ఫోన్ పెట్టేసిండ్రు."

ఎవరూ నవ్వలేదు. తరవాత పర్వతాలే నవ్వాడు. అప్పుడందరూ నవ్వారు. పర్వతాలు పట్టీలో చాప పరిచి నిలువునా పడుకుని చూశాడు. సరిగ్గా సరిపోయాడు. పక్కకి ఒత్తిగిల్లితే మాత్రం మోచెయ్యి సన్యాసిరావు వాటాలోకి వస్తోంది. లేచి, తన మీద తనే ఒక నోటీసు రాసి, ఇచ్చినచోట ఒక సంతకం, పుచ్చుకున్నచోట ఒక సంతకం పెట్టి, ఆ పైన నిశ్చింతగా ఒత్తిగిల్లాడు.

ముగ్గురికీ మార్గహక్కులు దొరికాయి, దూకడాలు తప్పాయి. కానీ ముగ్గురి సంజాయిషీలూ మూడింతలయ్యాయి. ఒక మధ్యాహ్నం పైడితల్లి మంచం మీద కూర్చుని నిబంధనావళి చదువుతోంది. పన్నెండు అడుగుల్లో ఊడవడం, తుడవడం అయిపోయాక చెయ్యడానికి ఏముంటుంది? మొదటినుంచి చదువుకుంటూ వచ్చి నలభై ఆరో పేజీ దగ్గర ఆగింది. సాయంత్రం ముగ్గురూ ఇంటికి చేరాక గట్టిగా చదివి వినిపించింది.

"కుటుంబమనగా, ఒకే పొయ్యి మీద వండుకొనుచు, ఒకరినొకరు వరసలతో పిలుచుకొను వ్యక్తుల సముదాయము. కుటుంబ సభ్యుల ఆదాయములు కలిపి లెక్కించబడును."

పర్వతాలు టేపు తీసి, కాలిక్యులేటరు తీసి, రెండుసార్లు కూడి, మూడోసారి వేళ్ల మీద కూడాడు. మూడు ఆదాయాలూ కలిపితే, మూడో వంతు సరిగ్గా ఫ్లాటు అద్దెకి సమానం.

"వదినే" అన్నాడు, కాలిక్యులేటరు ఆవిడకి చూపిస్తూ. "గీత ఉండదు. ఒక్క గీత కూడా ఉండదు."

అర్జీ పెట్టారు. ఇలాంటిది సంస్థ చరిత్రలో లేదు కాబట్టి విచారణకి డైరెక్టర్ విశ్వంభర ప్రసాద్‌గారే స్వయంగా వచ్చారు. కుర్చీ వెయ్యడానికి ఏ వాటా తటస్థమో తేలక, ఆయన్ని గుమ్మం మీద కూర్చోబెట్టారు.

"రక్తసంబంధం అవసరం లేదు, నిజమే. కానీ వరసలు నిలకడగా ఉండాలి" అన్నారాయన కళ్లజోడు సవరించుకుని. "మస్తానమ్మగారూ, ఈ సన్యాసిరావు మీకేమవుతారు?"

"తమ్ముడు."

"పైడితల్లిగారూ, ఈమె మీకేమవుతారు?"

"అప్పండి. అక్కన్నమాట."

డైరెక్టర్‌గారు కలం కింద పెట్టారు. "ఆయనకీ అక్కే, ఈమెకీ అక్కే. అలాగైతే ఈ దంపతులు అన్నాచెల్లెళ్లు కావలసి వస్తుంది. ఇటువంటి కుటుంబాన్ని సంస్థ ప్రోత్సహించలేదు."

ఇన్నాళ్లుగా నోటికి అలవాటైన పిలుపులు, ఎవరూ లెక్క చూసుకోలేదు. పిల్లని మళ్లీ బొబ్బిలి రైలెక్కించడం సన్యాసిరావు కళ్లముందు కనబడింది.

"నువ్వు నాకు ముందు అప్పవి!" అంది పైడితల్లి మస్తానమ్మ వైపు తిరిగి. "ఆయన్ని మరిదీ అని పిలవలేవా?"

"నేను గుమ్మంలోకొచ్చిన రోజే తమ్ముడన్నా. నువ్వు మర్నాడు గదా అప్ప అన్నది? వాడే ముందు!"

"గోంగూర రుబ్బిపెట్టింది ఎవరు? ఆయనా, నేనా?"

"ఆహా, రుబ్బావులే! ఉప్పెక్కడేశావు? పదిమంది గిరాకీ తిరిగిపోయారు!"

"ఉప్పు లేదంటావా? పొద్దున్నే గంటసేపు బాత్‌రూములో కూర్చునే మనిషివి నువ్వు!"

"ఊకోండ్రి అక్కా, వదినే, ఊకోండ్రి" అని పర్వతాలు మధ్యలోకి వెళ్లాడు. ఇద్దరూ ఒక్కసారే అతనివైపు తిరిగారు. "నువ్వు నోర్మూసుకో! తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" సన్యాసిరావు సర్దిచెప్పబోయి ఇద్దరిచేతా చివాట్లు తిన్నాడు. ఝాన్సీ డైరెక్టర్‌గారి పక్కకి వచ్చి, "రోజూ ఇంతేనండీ. కాసేపటికి మస్తాను పెద్దమ్మ జంతికలు పెడుతుంది. మీరుండండి" అని చెప్పింది.

డైరెక్టర్‌గారు వాచీ చూసుకున్నారు. ఇరవై నిమిషాలు. లేచి నిలబడి, రికార్డులో తన చేత్తో రాశారు. "మాటకి మాట అందిస్తూ ఇరవై నిమిషములు కలహించిరి. నిష్కారణముగా మూడవ వ్యక్తిపై విరుచుకుపడిరి. బయటివారు ఇంత మర్యాద తప్పి మాట్లాడుకొనుట అసంభవము. కుటుంబమేనని నిర్ధారణ. వరసలు వారిలో వారు తేల్చుకొందురు గాక." జంతికలు తిని వెళ్లిపోయారు.

గీతలు చెరిపే పని పర్వతాలు ఎవరికీ ఇవ్వలేదు. కిరసనాయిలు గుడ్డతో తనే ఈ గోడ నుంచి ఆ గోడకి తుడిచాడు. తడి ఆరకముందే ఝాన్సీ పరుగు మొదలుపెట్టింది. గుమ్మం నుంచి వెనక గోడ, వెనక గోడ నుంచి గుమ్మం, ఇరవై ఏడు అడుగులూ. సన్యాసిరావు ఫ్యాను అయిదో నంబరు మీద పెట్టి, దాని కింద నిలబడి కూతురు పరిగెడుతుంటే లెక్కపెట్టాడు. ముప్ఫై దాకా లెక్కపెట్టి, తరవాత కళ్లు సరిగ్గా కనబడక మానేశాడు.

కార్తీకం వెళ్లిపోయింది. భక్తి తగ్గింది, కోడికూర పెరిగింది. మస్తానమ్మ ఆదాయం మళ్లీ మామూలయింది. సంస్థ నుంచి ఉత్తర్వు వచ్చింది. 'సదరు కుటుంబ అర్హత ఒక ఫ్లాటుకు పైన రెండున్నర అడుగులు. పౌరులు తమ అర్హతకు తక్కువైన ఇంటిలో నివసించుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. మిగులు భాగమును వెంటనే స్వాధీనపరచుకొనవలెను.'

అంటే పక్కింట్లో. 304లో ఒక పక్క లెక్కల ట్యూషన్ చెప్పే ఫ్రాన్సిస్ మాస్టారు, ఇంకో పక్క బ్యూటీపార్లరు నడిపే జుబేదా ఉంటారు. మధ్య వాళ్ల గీత వాళ్లకుంది. ఇప్పుడు 303 వాళ్లు రెండున్నర అడుగులు అటు జరిగితే, మాస్టారు అంతమేర జుబేదా వాటాలోకి జరగాలి, జుబేదా అంతమేర గోడ దాటి 305లోకి జరగాలి. అక్కడివాళ్లు మెట్లమీదుగా నాలుగో అంతస్తుకి. మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూసి, ఈ లెక్కన చిట్టచివరి మనిషి నీళ్లట్యాంకులో పడతాడని తేల్చారు.

"పొయ్యి ఎక్కడుంది మీకు?" అని అడిగింది పైడితల్లి, బూరెల పళ్లెం పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడి.

"నా వైపు" అంది జుబేదా.

"ఆపేయండి. రేపటినుంచీ మా పొయ్యి మీదే. మాస్టారూ, మీరు నాకు అన్నయ్య. నువ్వు వదినవి. వద్దా? సరే, నువ్వు ఆడపడుచువి. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పుకోండి, తరవాత డైరెక్టరుగారు నిలదీస్తారు."

నెల తిరిగేసరికి అంతస్తు మొత్తం ఒక కుటుంబమైంది. రెండు నెలలకి నాలుగంతస్తులూ. ఒక్క పొయ్యి సరిపోక దాన్ని కింద వాకిట్లో పెట్టి, మస్తానమ్మ బానలెక్కించింది. వరసల పట్టిక మెట్ల గోడకి అంటించారు. ఎవరికి అనుమానం వచ్చినా అక్కడికి వెళ్లి చూసుకుని వచ్చి పోట్లాడేవాళ్లు. విచారణకి వచ్చిన అధికారులు ప్రతి ఫ్లాటులోనూ చివాట్లు తిని, జంతికలు తిని, తృప్తిగా వెళ్లేవారు.

సంస్థకి పండగే. సముదాయం ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. విశ్వంభర ప్రసాద్‌గారు మైకు ముందు నిలబడి కంఠం సవరించుకున్నారు.

"గత సంవత్సరం ఈ సముదాయంలో యాభై ఏడు కుటుంబాలకు ఇళ్లు కావలసి ఉండినవి. నేడు ఒకే ఒక్క కుటుంబానికి కావలసి ఉన్నది. అనగా ఇక్కడ గృహకొరత నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నిర్మూలించబడినది! ఒక్క ఇటుక పేర్చకుండా సాధించిన ఘనత ఇది!"

చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగేలోగా పైడితల్లి లేచింది. చేతిలో నిబంధనావళి, వేలు నూట ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది.

"సార్, ఒక కుటుంబం దగ్గర నెలకి ఒకటికి మించి అద్దె తీసుకోకూడదని ఇందులో రాశారు. నిజమేనాండి?"

డైరెక్టర్‌గారు ఉత్సాహంలో ఉన్నారు. "కూడదు తల్లీ! ఎంతమాత్రం కూడదు! పౌరుణ్ని పీడించడం ఈ సంస్థ రక్తంలోనే లేదు!"

సభ హోరెత్తిపోయింది. జనం నవ్వులూ ఈలలూ తన వాగ్ధాటికే అనుకుని ఆయన చేతులు జోడించారు. పర్వతాలు మాత్రం పక్క బల్ల దగ్గర వంగి, ఆ మాటలన్నీ తేదీతో సహా సభా వివరాల పుస్తకంలోకి ఎక్కించి, ఆయన కూర్చోకముందే సంతకానికి పెట్టాడు. ఆయన పూలదండ సర్దుకుంటూ పెట్టేశారు.

ఆ నెల ఇరవై ఫ్లాట్లకీ కలిపి ఒక్క అద్దె వెళ్లింది. వాటా ఎంత పడిందో మాస్టారు బోర్డు మీద రాస్తే, సన్యాసిరావు బోర్డు దగ్గరికి వెళ్లి కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే మనిషి, అయినా సరే నమ్మకం కుదరక పైడితల్లిని పిలిచి చదివించాడు. ఆవిడ చదివి, మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు మావా" అంది.

జూన్‌లో ఝాన్సీని బళ్లో వేశారు. మొదటిరోజు దింపడానికి సన్యాసిరావూ, పైడితల్లీ, పర్వతాలు బాబాయీ, ఇంకా పాతికమందీ వెళ్లి కిటికీల దగ్గర నిలబడ్డారు. టీచరమ్మ కొత్తపిల్లని లేపి నిలబెట్టి, "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? చెప్పమ్మా" అంది.

ఝాన్సీ చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "అమ్మ, నాన్న, మస్తాను పెద్దమ్మ, పర్వతాలు బాబాయి, మాస్టారు మామయ్య, జుబేదత్త..."

టీచరమ్మ ముందు నవ్వింది. తరవాత హాజరుపట్టీ మూసింది. ఆ తరవాత కుర్చీ లాక్కుని కూర్చుంది. పీరియడు అయిపోయిందని గంట కొట్టేసరికి ఝాన్సీ ఇంకా రెండో అంతస్తులోనే ఉంది.